గతి తప్పిందెక్కడ? ‘ఇర్యాటిక్’ అనే మాటతో ఒక నర్సు ఆరు వారాలు (కేస్ స్టడీ)

“ద పేషెంట్ ఈజ్ ఇర్యాటిక్.”

గత ఏడాది జూన్ చివర్లో నా దగ్గరకు వచ్చిన ఒక స్టాఫ్ నర్సు రాసిన మొదటి ప్రాక్టీస్ ఉత్తరంలో రెండో వాక్యం ఇది. వ్యాకరణం సరిగ్గానే ఉంది. ‘ఇర్యాటిక్’ (erratic) స్పెల్లింగులో రెండు ఆర్‌లూ పడ్డాయి. ఇంగ్లిష్‌లో మనిషిని ఆ మాట అంటే, ఎప్పుడేం చేస్తాడో తెలియనివాడని. కానీ ఆ ఉత్తరం అందుకున్న డాక్టరుకు రోగి గురించి ఈ వాక్యం ఏమీ చెప్పదు. రాసిన మనిషికి ఈ రోగితో విసుగొచ్చిందన్న సంగతి మాత్రం చెబుతుంది. ఆమెకు ఆ విసుగు లేదు. ఆ మాటలో విసుగు వినిపిస్తుందని కూడా ఆమెకు తెలియదు.

ఈ ఒక్క మాటను దారిలో పెట్టడానికి మాకు ఆరు వారాలు పట్టింది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేను విశాఖ మద్దిలపాలెంలో నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు ఇంగ్లిష్ చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఓఈటీ రాయాలనుకునేవాళ్లే. అది వైద్య రంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష. రాత భాగానికి 45 నిమిషాలు ఇస్తారు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్, అంటే రోగి వివరాలు, చదువుకోవడానికే సరి, మిగిలిన 40 నిమిషాల్లో ఆ రోగి గురించి సుమారు 180 నుంచి 200 పదాల ఉత్తరం రాయాలి. మార్కులు 500కి. 350 దగ్గర బీ గ్రేడు మొదలవుతుంది. ఈమె అప్పటికే ఒకసారి రాసింది. వినడం, చదవడం, మాట్లాడడం మూడూ గట్టెక్కాయి. రాతలో 310 దగ్గర ఆగిపోయింది.

ఊరు భీమిలి. వయసు 29. తండ్రి ఫైబర్ పడవ మీద వేటకెళ్తాడు. ఆమె ఆరేళ్లుగా విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. పనిలో నేర్పరి అని మొదటి పది నిమిషాల్లోనే అర్థమైంది. ఏ కేసు ఇచ్చినా ముందు ఏది చూడాలో ఆమెకు తెలుసు. ఆ తెలివి ఇంగ్లిష్ కాగితం మీదకు దిగడం లేదు, అంతే.

మొదటి వారం రాసిన ఐదు ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చూశాను. ఈ మాట పదకొండు చోట్ల ఉంది. ఇర్యాటిక్ ఆకలి, ఇర్యాటిక్ నిద్ర, ఇర్యాటిక్ డయాబెటిస్. ఒక చోట రోగి కూతురే ఇర్యాటిక్. ఒకే మాట మీద ఇంత మోజు ఊరికే రాదు. “దీన్ని ఎక్కడ పట్టుకున్నారమ్మా?” అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది.

రెండేళ్ల కిందట ఒక రాత్రి డ్యూటీ అప్పగించేటప్పుడు ఒక పెద్దాయన నాడి కొట్టుకునే తీరు ఆమెకు తేడాగా అనిపించింది. అంతకుముందు ఒక డాక్టరు నోట విన్న మాట గుర్తు తెచ్చుకుని అదే చెప్పింది. నోట్లోంచి వచ్చింది మాత్రం ‘ఎరోటిక్’. అంటే శృంగారానికి సంబంధించినది. అక్కడున్నవాళ్లు నవ్వారు. మర్నాడు డ్యూటీ రూమ్‌లో తెల్లబోర్డు మీద ఎవరో ఆ మాట రాసి పెట్టారు. అప్పట్నుంచి రెండేళ్లు ఆమె ఫోన్‌లో చెప్పింది ఒకే వాక్యం: “పల్స్ నాట్ గుడ్, డాక్టర్.”

ఇది విన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఆమె పడ్డ సిగ్గు ఒక ఎత్తు. దానికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. నాడి బాగోలేదు అంటే అవతలి డాక్టరుకు ఏం తెలుస్తుంది? వేగంగా కొట్టుకుంటోందా, మెల్లగానా, బలహీనంగానా, లయ తప్పిందా? నాలుగింటికీ చేయాల్సింది వేరు. ఒక మాటకు నవ్వడం వల్ల ఒక వార్డులో రెండేళ్లపాటు సమాచారం సగమే చేరింది. బోర్డు మీద రాసిన మనిషి ఇంతదూరం ఆలోచించి ఉండరు.

తర్వాత ఓఈటీకి తయారయ్యేటప్పుడు కొన్న పదాల పుస్తకంలో ‘అన్‌ప్రెడిక్టబుల్’ కింద వరసగా సమానార్థకాలు కనిపించాయి. వాటిలో ఇది మొదటిది. ఆమె పారిపోలేదు. ఈసారి దీన్ని గెలవాలనుకుంది. స్పెల్లింగ్ బట్టీ పట్టి, వీలు దొరికిన ప్రతి చోటా వాడింది. ఆ పట్టుదలను కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు. ‘ఈ మాట వదిలేసి తేలిక మాట రాయండి’ అని ఉంటే పని ఒక్క రోజులో అయిపోయేది. అలా అనలేదు.

ముందు ఉచ్చారణ సంగతి తేల్చుకున్నాం, ఎందుకంటే అసలు దెబ్బ తగిలింది అక్కడ. మనవాళ్లు చాలామంది ‘ఎర్రాటిక్’ అంటారు. నేను కావాలనే ‘ఇర్యాటిక్’ అని రాస్తున్నాను. ర్యాంకు, ర్యాలీ అనేటప్పుడు వచ్చే ‘ర్యా’ ఇందులో ఉంది. ఒత్తు కూడా దాని మీదే పడుతుంది: ఇ-ర్యా-టిక్. ‘ఎరోటిక్’లో ఆ చోట ‘రొ’కు దగ్గరి శబ్దం ఉంటుంది, రాక్ సంగీతంలోని ‘రా’ లాంటిది. అమెరికావాళ్లు పలికితే అది మన ‘రా’కు ఇంకా దగ్గరవుతుంది. మన లిపిలో రెండింటినీ ‘రా’ అని రాసుకుంటే నోట్లో రెండూ కలిసిపోతాయి. నిజానికి మొదటి శబ్దం తెలుగు నోటికి కొత్తేమీ కాదు. ‘వచ్చాడు’, ‘చేశాడు’ అని మామూలుగా మాట్లాడేటప్పుడు ‘చా’, ‘శా’ దగ్గర నోరు పక్కలకు సాగుతుంది చూడండి, అదే. ఆమె చేత ‘వచ్చాడు, ర్యాంకు, ఇర్యాటిక్’ అని వరసగా చెప్పించాను. రెండు రోజుల్లో పట్టుబడింది. గబగబా మాట్లాడేటప్పుడు మాత్రం జారుతూనే ఉంది.

అర్థం దగ్గర పని ఎక్కువైంది. ఆ మొదటి వాక్యం రాసేటప్పుడు మనసులో తెలుగులో ఏమనుకున్నారని అడిగాను. “పేషెంటు పరిస్థితి నిలకడగా లేదు అనుకున్నాను సార్” అంది.

చిక్కుముడి అక్కడుంది. మన పత్రికల్లో ‘ఆరోగ్యం నిలకడగా ఉంది’ అని రాస్తారు. ఇంగ్లిష్‌లో దానికి స్టేబుల్ అంటారు. నిలకడగా లేకపోతే అన్‌స్టేబుల్. కానీ మనం ‘నిలకడ లేని మనిషి’ అని కూడా అంటాం, అది స్వభావం గురించి. ‘ధరలకు నిలకడ లేదు’ అంటాం, అది మార్కెట్ గురించి. తెలుగులో ‘నిలకడ’ ఒక్కటే ఈ మూడు పనులూ హాయిగా చేస్తుంది, ఎవరికీ తికమక లేదు. ఇంగ్లిష్‌లో ఈ మూడింటికీ మూడు వేరే గదులున్నాయి. ఆమె మొదటి గదికి వెళ్లాల్సి ఉండి రెండో గది తలుపు తీసింది. బీపీ పడుతూ లేస్తూ ఉన్న రోగిని ‘ఎప్పుడేం చేస్తాడో తెలియని మనిషి’గా మార్చేసింది.

కాబట్టి ‘నిలకడ లేని’ అన్న అర్థాన్ని పక్కన పెట్టి వేరేది వెతికాను. అది ఆసుపత్రిలోనే దొరికింది. పాతకాలం వాళ్లు ‘నాడి గతి తప్పింది’ అంటారు. గతి అంటే నడక, నడిచే దారి. ఈ ఇంగ్లిష్ మాట లోపలున్నదీ అదే. దీని మూలం లాటిన్‌లో ‘ఎర్రారే’, అంటే తిరగడం, దారి తప్పి తిరగడం. ఎర్రర్ అనే మాటా అక్కడిదే. పుస్తకాల్లో వేసే తప్పొప్పుల పట్టికను ఎర్రాటా అంటారే, అదీ ఆ కుటుంబమే.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. పూర్వం యూరప్‌లో ఆకాశాన్ని చూసేవాళ్లు చుక్కల్ని రెండు రకాలుగా విడదీశారు. కొన్ని ఒకదానికొకటి ఎడం మారకుండా గుంపుగా కదులుతాయి. కొన్ని మాత్రం ఆ గుంపుల మధ్య నుంచి తమ దారిన తాము పోతుంటాయి. రెండో రకాన్ని లాటిన్‌లో ‘తిరుగాడే నక్షత్రాలు’ అన్నారు, అందుకు వాడింది ఈ విశేషణాన్నే. గ్రీకులో ప్లానెట్ అన్నా అదే అర్థం. మనం వాటిని గ్రహాలన్నాం, అంటే పట్టుకునేవి. మనవాళ్లు వాటి పట్టు చూశారు, వాళ్లు వాటి నడక చూశారు. అయితే ఆ గ్రహాల నడక ఊహకు అందనిదా? కాదు. ఏ గ్రహం ఎప్పుడు వక్రగతిలోకి వెళ్తుందో మన పంచాంగంలో ముందే వేసి ఉంటుంది. అంటే ముందుగా లెక్కగట్టగలిగినదాన్ని కూడా ఒకప్పుడు ఇర్యాటిక్ అన్నారు.

భూగర్భ శాస్త్రంలో ఇదే మాట నామవాచకంగా మారి ఒక రాయికి పేరైంది. మంచుయుగంలో హిమానీనదాలు ఎక్కడివో బండల్ని మోసుకొచ్చి, అక్కడి రాతికి ఏ పోలికా లేని చోట వదిలేశాయి. అలాంటి బండను ఇర్యాటిక్ అంటారు. వేల ఏళ్లుగా అది అంగుళం కదల్లేదు. అయినా పేరు అదే, ఎందుకంటే అది తన చోటు విడిచి వచ్చింది.

ఇవన్నీ ఆమెకు చెప్పింది పాండిత్యం కోసం కాదు. పదాల పుస్తకం ఈ మాటను ‘అన్‌ప్రెడిక్టబుల్’ కింద పెట్టడంలోనే ఇబ్బంది ఉంది. అన్‌ప్రెడిక్టబుల్ అంటే మన పత్రికల మాటలో ‘అనూహ్యం’. ఊహించలేకపోయింది మనం, లోటు మన ఊహది. ఇర్యాటిక్ అన్నప్పుడు చూపు ఆ వస్తువు మీద ఉంటుంది: దీనికి ఒక నడక ఉండాలి, ఆ నడక తప్పింది. ఈ రోజు వాడుకలో రెండూ చాలాసార్లు కలిసే ఉంటాయి, నిజమే. కానీ ఉండాల్సిన నడక ఏదో చెప్పలేని చోట ఈ మాట వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆమె నోట్‌బుక్ మొదటి పేజీలో రెండు ప్రశ్నలు రాయించాను. దేని గతి? ఎలా తప్పింది? ఈ రెండింటికీ జవాబు దొరికితేనే మాట రాయాలి.

కుళాయితో మొదలుపెట్టాం. వీధి కుళాయిలో రోజూ ఉదయం ఆరింటికి నీళ్లొచ్చి అరగంటలో ఆగిపోతే అది ఇర్యాటిక్ సప్లై అవుతుందా? “అవుతుంది సార్, చాలదు కదా” అంది మొదట. కాసేపాగి తనే దిద్దుకుంది: “కాదు. తక్కువే గాని, టైముకి వస్తాది.” ఒక రోజు ఆరింటికి, ఒక రోజు పదింటికి, రెండు రోజులు అసలు రాకపోతే అప్పుడు సరిపోతుంది. కరెంటు కోత కూడా అంతే. ముందే చెప్పి తీసేది ఎంత కష్టపెట్టినా ఇర్యాటిక్ కాదు.

తుఫాన్ల దగ్గర నేను పెద్దగా చెప్పాల్సిన పనే పడలేదు. భీమిలి పిల్ల కదా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదకు వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఎలా అయిపోయిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ అది వచ్చిన దారి ఇర్యాటిక్ కాదు. అండమాన్ వైపు నుంచి బంగాళాఖాతం దాటుకుంటూ మన తీరానికి వస్తోందని ముందునుంచీ చెబుతూనే ఉన్నారు, చెప్పినట్టే వచ్చింది. అంతకు ముందు ఏడాది డిసెంబర్‌లో ‘మాది’ అనే పేరున్న తుఫాను వచ్చింది. అది సముద్రంలో ఉత్తరంగా కొంత దూరం పోయి, వెనక్కి మళ్లి, నైరుతి దిక్కుగా తమిళనాడులోని వేదారణ్యం దగ్గర బలహీనపడి తీరం దాటింది. అలాంటి దారికి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. ఎక్కువ నష్టం చేసింది హుద్‌హుద్. గతి మార్చుకుంది ‘మాది’. ఈ పోలికతో ‘ప్రమాదకరం’ అన్న అర్థం ఈ మాటలోంచి ఊడిపోయింది. అది కూడా ఆమె మనసులో అంటుకుని ఉందని అప్పటిదాకా నాకు తెలియలేదు.

మిగతా సమానార్థకాల మీద ఎక్కువ సేపు ఉండలేదు. వోలటైల్ అంటే ఇట్టే ఎగిరిపోయే, ఇట్టే భగ్గుమనే గుణం. ధరల ఒడిదుడుకులకు, ఉద్రిక్తంగా ఉన్న ఊళ్లకు అది బాగుంటుంది. ఫికిల్ మన ‘గాలివాటం’ మనిషికి దగ్గర. కెప్రీషియస్‌లో ఇష్టారాజ్యం ఉంటుంది. మెర్క్యూరియల్, అంటే క్షణానికో తీరుగా మారే మనసు, అలాంటి మాట రోగి ఉత్తరంలో ఎందుకు? అక్కర్లేదని కొట్టేశాం.

మూడో వారంలో అసలు పాఠం ఆమె ఇంటి నుంచే వచ్చింది.

తండ్రికి షుగర్ ఉంది. మాత్ర వేసుకుంటాడు. ఆమె ఇంట్లో మిషన్ పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ముందు రీడింగ్ తీసి పుస్తకంలో రాయమని తమ్ముడికి చెప్పింది. ప్రాక్టీస్ కోసం నిజమైన కేసు రాయమంటే తండ్రి గురించే రాసింది. ‘హిజ్ షుగర్స్ ఆర్ ఇర్యాటిక్’ అని. ఈసారి రోగి మీద కాకుండా షుగర్ మీద పెట్టింది, అది మంచి మార్పే. పుస్తకం చూపించమన్నాను. వరసగా 64, 171, 158, 61, 166, 69. చూస్తే నిజంగానే గతి తప్పినట్టుంది.

“దేని గతి?” అని అడిగాను.

“షుగర్ గతి సార్.”

“మే నెలలో ఎలా ఉంది?”

పేజీలు వెనక్కి తిప్పింది. మే అంతా 150కీ 180కీ మధ్యే. ఎక్కువే, కానీ ఒకే తీరు. ఆమె ఆ పేజీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. మేలో వేట లేదు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ తండ్రి ఇంట్లో వేళకు తిన్నాడు. నిషేధం అయిపోయాక వేటకెళ్లిన రోజున తెల్లవారుజామున మూడింటికి లేచి, మాత్ర వేసుకుని, టీ తాగి పడవెక్కుతున్నాడు. తిండి తిరిగొచ్చాకే, పన్నెండు దాటాక. ఆ మాత్ర తిండి ఆలస్యమైతే షుగర్‌ను పడగొట్టే రకం. ఇంటికి ఫోన్ చేసి వేటకెళ్లిన తేదీలు కనుక్కుంది. 64, 61, 69 మూడూ పడవ రోజులే.

షుగర్ 70 కంటే తగ్గితే ఏమవుతుందో నర్సుకు నేను చెప్పాలా? నడి సముద్రంలో కళ్లు తిరిగితే పట్టుకునేవాళ్లెవరు? ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేశాం. ఆదివారం ఆమె పుస్తకం పట్టుకుని తండ్రిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. మందు మార్చే సంగతి ఆయన చూసుకున్నారు, అది నా పని కాదు. నా పని వాక్యం. ఆ వాక్యం ఇలా మారింది: “వేటకు వెళ్లిన రోజుల్లో ఆయన మధ్యాహ్నపు రీడింగ్ 70 కంటే కిందకు పడిపోతోంది.” ఇంగ్లిష్‌లో పదమూడు పదాలు. ఎక్కడా విశేషణం లేదు. డాక్టరుకు కావాల్సిందంతా ఉంది.

ఇర్యాటిక్ అని రాసి ఉంటే? తప్పని ఎవరూ అనరు. కానీ ఆ మాట రాసిన చోట వెతకడం ఆగిపోతుంది. కారణం తెలియదు, లేదనే అనుకుందాం అన్నట్టు ఉంటుంది.

తర్వాతి క్లాసులో ఆమె అడిగిన ప్రశ్న నేను ఇన్నేళ్లలో విన్న మంచి ప్రశ్నల్లో ఒకటి. “అయితే ఇర్యాటిక్ ఎప్పుడు రాయాలి సార్? అన్నిటికీ ఏదో ఒక కారణం ఉంటాది కదా.”

నేను వెంటనే చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించి చెప్పింది ఇది. క్రమం కోసం వెతికి, దొరక్కపోతే రాయండి. రాసిన వెంటనే అంకెలు పెట్టండి, చదివేవాళ్లు మీ తర్వాత వెతుకుతారు. ఉదాహరణకు ఒక రోగి నెలలో ఆరు అపాయింట్‌మెంట్లకు రెండిటికే వచ్చాడు, కారణం చెప్పలేదు. అప్పుడు హాజరు ఇర్యాటిక్ అనండి, ఆరుకు రెండు అని కూడా రాయండి. మనిషిని మాత్రం అనకండి. హాజరు, నిద్ర, భోజన వేళలు, మాత్రలు వేసుకునే తీరు, వీటి పక్కన ఈ మాట పరిశీలనగా ఉంటుంది. మనిషి పక్కన పెడితే తీర్పవుతుంది. ఓఈటీ రాతలో చూసే ఆరు అంశాల్లో శైలి ఒకటి. అక్కడ తీర్పు చెప్పే మాటకు మార్కులు పోతాయి. మార్కుల సంగతి అలా ఉంచినా, ఆ ఉత్తరం రోగి ఫైలులో ఉండిపోతుంది. తర్వాత చూసే ప్రతి డాక్టరూ ఆయన్ని ఆ మాట వెనక నుంచే చూస్తారు.

“మరి నాన్న వేటకెళ్లే రోజులు? వాటికి లెక్కుండదు. గాలి చూసి ఎల్తాడు” అంది. దానికి ‘ఇర్రెగ్యులర్’ చాలని చెప్పాను. ఫలానా రోజునే వెళ్లాలన్న నియమం ఎవరూ పెట్టలేదు, తప్పడానికి గతే లేదు. ఆ తేడా ఆమె ఎంత బాగా పట్టుకుందంటే, మరుసటి వారం తోటి నర్సు రాసిన ఉత్తరంలో ‘ఇర్యాటిక్ విజిటర్స్’ అన్న మాటను నేను చూడకముందే గీత కొట్టింది.

కూతురి సంగతి మిగిలింది. మొదటి ఉత్తరాల్లో ఏ రోగి కూతుర్ని ‘ఇర్యాటిక్ డాటర్’ అని రాసిందో, ఆ రోగి కేస్ నోట్స్ ఆమె చేత మళ్లీ చదివించాను. కూతురు రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తుందని నోట్స్‌లో ఒక మూల ఉంది. రాత్రి డ్యూటీ నర్సుకు ఆ వాక్యం ఎందుకు కనపడలేదని నేను అడగలేదు. ఆమే చూసి, ఏమీ అనకుండా పెన్ను తీసింది. ఉత్తరం కొత్తగా రాసింది: కూతురు రాత్రి పనికి వెళ్తుంది కాబట్టి సాయంత్రం మందులు ఇచ్చేందుకు వేరే ఏర్పాటు కావాలి.

సెప్టెంబర్‌లో మళ్లీ పరీక్ష రాసింది. రాతలో 360 వచ్చింది. అందులో ఇర్యాటిక్ రాశారా అని అడిగితే, రాయాల్సిన చోటు తగల్లేదు సార్ అంది.

నేను దిద్దుకున్నదీ ఒకటుంది. నా క్లాసులో ఇచ్చే కాగితంలో కూడా ఈ విశేషణాలన్నీ ‘అన్‌ప్రెడిక్టబుల్’ అన్న ఒకే శీర్షిక కింద ఉండేవి. ఇప్పుడు ఒక్కో మాట పక్కన అది ఏ నామవాచకంతో కలిసి వస్తుందో రాస్తున్నాను: వర్షాలు, కరెంటు, డ్రైవింగ్, హాజరు, బౌలింగ్. తెలుగు అర్థం ఒక్క మాటలో ఇవ్వడం మానేశాను.

ఉచ్చారణ మాత్రం పూర్తిగా కుదరలేదు. తొందరలో ‘ర్యా’ ఇంకా ‘రా’ అయిపోతుంది. ఆమె ఒక నిర్ణయం తీసుకుంది: ఫోన్‌లో నాడి గురించి చెప్పేటప్పుడు ‘ఇర్రెగ్యులర్’ అంటుంది, ఇర్యాటిక్ రాతకే. మొదట నేను ఒప్పుకోలేదు, భయపడి తప్పుకుంటోందనుకున్నాను. ఆమె నాకు వివరించింది. నాడి లయ తప్పడంలో రెండు రకాలుంటాయట. ప్రతి మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో ఒకటి తప్పుతూ, ఆ తప్పడానికీ ఒక వరస ఉండే రకం ఒకటి. ఏ వరసా లేకుండా ఇష్టమొచ్చినట్టు కొట్టుకునే రకం రెండోది. గుండె పై గదులు లయ లేకుండా వణికే జబ్బులో రెండో రకం వస్తుంది, దాన్ని ‘ఇర్రెగ్యులర్లీ ఇర్రెగ్యులర్’ అంటారు. ఇర్యాటిక్ అంటే ఇది ఏ రకమో డాక్టరుకు తెలియదు, ‘ఇర్రెగ్యులర్లీ ఇర్రెగ్యులర్’ అంటే వెంటనే తెలుస్తుంది అంది. నా దగ్గర దానికి ఎదురు మాట లేదు. పోయిన నెల ఒక రాత్రి డ్యూటీలో ఆ రెండు మాటలూ, పక్కన నిమిషానికి 130 అన్న అంకె కలిపి ఫోన్‌లో చెప్పిందట. డాక్టరు మళ్లీ అడగకుండా బయల్దేరి వచ్చారు.